చక్రాల కుర్చీ ఇచ్చాక మొదలయ్యే పని

సంపాదకులకు,

డిసెంబర్ 3 అంతర్జాతీయ దివ్యాంగుల దినోత్సవం. ఆ వారం జిల్లా పేజీల నిండా వేదిక మీద అతిథులు, కింద వరుసగా కొత్త చక్రాల కుర్చీలు, వాటిలో పిల్లలు కనిపిస్తారు. దాతల మనసును తప్పుపట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. సెరిబ్రల్ పాల్సీ (మెదడుకు జరిగిన నష్టం వల్ల ఒంటి కదలిక మీద అదుపు తప్పే వైకల్యం) ఉన్న పిల్లల ఇళ్లకు వెళ్లి పనిచేసేవాళ్లుగా మేము చెప్పదలచుకున్నది ఒకటే. ఆ కుటుంబాలకు సాయం ఎక్కువగా కావాల్సింది వస్తువు ఇంటికి చేరిన మర్నాటి నుంచి. పింఛను, ఉపకరణాలు, చికిత్సా కేంద్రాలు, బీమా అంటూ ప్రభుత్వం వైపు నుంచి ఉన్నవి తక్కువేం కాదు. అవి పిల్లాడి దాకా వచ్చే దారిలో కొన్ని చోట్ల ఆగిపోతాయి. ఆ చోట్లేవో తెలుసుకుని అక్కడ ఖర్చుపెట్టే సంస్థ డబ్బు కొంచెమైనా చాలా పనిచేస్తుంది.

ముందు ఆ కుర్చీ సంగతే చూద్దాం. పంపిణీల్లో తరచుగా వచ్చేది ఆసుపత్రి వరండాల్లో ఉండే మడత కుర్చీ. అది పెద్దవాళ్ల కొలత, సీటు వెడల్పు 18 అంగుళాల దాకా ఉంటుంది. ఆరేళ్ల పిల్లాడి తుంటి వెడల్పు 10 అంగుళాలు కూడా ఉండదు. మెడ నిలవని పిల్లాణ్ని అందులో కూర్చోబెడితే నడుము ముందుకు జారుతుంది, వీపు గూనిలా వంగుతుంది, ఒళ్లు ఒక పక్కకు ఒరిగిపోతుంది. పాదాలకు ఆనిక ఉండదు కాబట్టి అసలే బిగుసుకునే కాళ్లు ఇంకా బిగుస్తాయి. ఏళ్ల తరబడి అలాగే కూర్చుంటే వెన్ను వంకర తిరుగుతుంది. కూర్చోబెడితే ఏడుస్తున్నాడని తల్లి మళ్లీ మంచం మీదే పడుకోబెడుతుంది. కుర్చీ మీద బట్టలు ఆరతాయి. ఇందులో ఆ తల్లి తప్పేమీ లేదు, కుర్చీ ఆ బిడ్డది కాదు, అంతే.

కొలవడానికి టైలరు టేపు చాలు. తుంటి వెడల్పు, పిరుదు వెనక నుంచి మోకాలి వెనక దాకా తొడ పొడవు, మోకాలి వెనక నుంచి మడమ దాకా పిక్క పొడవు, కూర్చున్నప్పుడు సీటు నుంచి చంక దాకా ఎత్తు, మోచేతి ఎత్తు. సీటు లోతు తొడ పొడవు కంటే రెండు వేళ్ల మందం తక్కువ ఉండాలి. ఎక్కువైతే సీటు అంచు మోకాలి వెనక ఒత్తి నడుమును ముందుకు లాగుతుంది. వెడల్పు తుంటికి రెండు పక్కలా ఒక్కో వేలు మాత్రమే అదనం. పాదాల పలక పిక్క పొడవుకు సరిగ్గా అందాలి, అప్పుడే తుంటి, మోకాలు, చీలమండ మూడూ లంబకోణంలో నిలుస్తాయి. బెల్టు తొడ, పొట్ట కలిసే మడత మీదుగా ఏటవాలుగా వెనక్కి పోవాలి. చాలా కుర్చీలకు పొట్ట మీద కట్టే బెల్టు ఉంటుంది. పిల్లాడు జారినప్పుడు అది పక్కటెముకల కిందికి ఎక్కి ఊపిరిని నొక్కుతుంది. ముందు బల్ల మోచేతి ఎత్తులో ఉంటే చేతులు దాని మీద ఆనించి తల ఎత్తుకోగలుగుతాడు.

ఈ కొలతలతో 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ తెచ్చిస్తే ఊళ్లో వడ్రంగి మూల కుర్చీ, అంటే గోడ మూలలా రెండు పక్కల నుంచీ వీపును ఆనించే కుర్చీ, చేసిపెడతాడు. ప్లైవుడ్‌కు కూడా డబ్బు లేకపోతే అట్టపెట్టెలను మైదా జిగురుతో పొరలు పొరలుగా అంటించి ఎండబెట్టి కుర్చీ చేసే పద్ధతి ఉంది. ఆఫ్రికాలో జింబాబ్వేలో పుట్టిన ఈ పద్ధతిలో చేసిన కుర్చీ బాగా ఎండితే పిల్లాడి బరువు సులభంగా మోస్తుంది. తడి తగిలితే మాత్రం పాడైపోతుంది, కాబట్టి పైన వార్నిష్ వేయాలి, వానాకాలంలో నేల మీద కాక ఇటుకల మీద పెట్టాలి. ఏ కుర్చీ అయినా ఆరు నెలలకోసారి మళ్లీ కొలిచి చూడాల్సిందే, పిల్లలు పెరుగుతారు కదా. దివ్యాంగులకు ఉపకరణాలిచ్చే కేంద్ర ప్రభుత్వ ఏడిప్ పథకం కింద ఆదాయ పరిమితిలో ఉన్న కుటుంబాలకు కాన్పూర్‌లోని ప్రభుత్వ సంస్థ అలిమ్‌కో తయారుచేసే సీపీ (సెరిబ్రల్ పాల్సీ) కుర్చీ కూడా వస్తుంది. పెద్దవాళ్లు అదే అవసరానికి మళ్లీ ఉపకరణం అడగాలంటే మూడేళ్లు ఆగాలి గానీ 12 ఏళ్లలోపు పిల్లలకు ఏడాది గడిస్తే చాలు. ఈ సంగతి తెలియక చాలామంది చిన్నదైపోయిన కుర్చీతోనే నెట్టుకొస్తున్నారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చక్రాల కుర్చీ సేవను ఎనిమిది మెట్లుగా చెప్పింది. పిల్లాణ్ని పరీక్షించడం, కొలవడం, సరిపోయేలా బిగించడం, ఇంటివాళ్లకు నేర్పడం, ఆ తర్వాత వచ్చి చూడటం, బాగుచేయడం అన్నీ అందులో ఉన్నాయి. మన దానాల్లో చివరి మెట్టే లేదు. ముందు చిన్న చక్రాలు మట్టి రోడ్డు మీద ఇరుక్కుని వాటి బేరింగులు పోతాయి. పాదాల పలక ప్లాస్టిక్‌దైతే మొదట విరిగేది అదే. సీటు ఫోము నలిగి అట్టలా అవుతుంది, అప్పుడు తుంటి ఎముకల దగ్గర పుండ్లు పడతాయి. వెనక చక్రానికి సైకిల్ టైరు, ట్యూబు సరిపోయే కుర్చీ కొంటే పంక్చరు పడినా ఊరి సైకిల్ షాపులోనే పని అయిపోతుంది. కొనే ముందు దాతలు ఇదొక్కటి అడిగినా మేలు. పది కుర్చీల డబ్బులో ఎనిమిదే కొని, మిగిలింది విడిభాగాలకు, ఒక మెకానిక్ కూలికి పక్కన పెట్టమని మా అభ్యర్థన.

తుంటి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. సెరిబ్రల్ పాల్సీ పిల్లల్లో సుమారు మూడో వంతు మందికి తొడ ఎముక తల కీలు గిన్నెలోంచి మెల్లగా పక్కకు జరుగుతుంది. తలకు కూడా ఆధారం కావాల్సినంత తీవ్ర స్థాయి పిల్లల్లో ఇది పదిమందిలో తొమ్మిదిమంది దాకా ఉంటుంది. మొదట్లో నొప్పి ఉండదు. బట్టలు మార్చేటప్పుడు తొడలు విడదీయడం కష్టమవుతోందని తల్లే ముందు గమనిస్తుంది, కానీ దాని అర్థం ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు. నడవలేని పిల్లలకు రెండేళ్ల వయసు నుంచే కనీసం ఏడాదికోసారి తుంటి ఎక్స్‌రే తీసి, పాతదాని పక్కన పెట్టి చూడాలి. త్వరగా కనిపెడితే చిన్న ఆపరేషన్‌తో సరిపోవచ్చు, ఆలస్యమైతే ఎముక కోయాలి. మండలంలోని పిల్లలందరినీ ఏడాదిలో ఒక రోజు జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించి, ఫిల్ములను ఇంట్లో జాగ్రత్తగా దాచేలా చూడటం ఏ సేవా క్లబ్బుకైనా చేతనయ్యే పనే.

ఇక ఫిజియోథెరపీ. మండల కేంద్రాల్లో ప్రభుత్వ విద్యా పథకం సమగ్ర శిక్ష కింద ప్రత్యేక అవసరాల పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి, ఫిజియోథెరపిస్టు వారంలో ఒక రోజు వస్తారు. జిల్లా స్థాయిలో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డీఈఐసీలు, అంటే పిల్లల లోపాలను త్వరగా గుర్తించి చికిత్స చేసే కేంద్రాలు, ఉన్నాయి. సేవ ఉచితమే, అక్కడికి చేరడమే కష్టం. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి మహిళలకు ఆర్టీసీ బస్సు ఉచితం. తల్లికి బస్సు ఖర్చు లేదు. ఊరి నుంచి బస్సు ఎక్కే రోడ్డు దాకా, దిగాక ఆసుపత్రి దాకా ఆటో ఖర్చు మాత్రం తప్పదు. ఎనిమిదేళ్ల పిల్లాణ్ని చంకనేసుకుని రద్దీ బస్సు ఎక్కడం అయ్యే పని కాదు. దానికి తోడు ఆ రోజు కూలి పోతుంది. మూడు వారాలు వెళ్లి నాలుగో వారం మానేసిన తల్లిని "శ్రద్ధ లేదు" అని రిజిస్టర్‌లో రాయడం అన్యాయం. వారానికి ఆటో కిరాయి, సగం రోజు కూలి ఇచ్చే సంస్థ ఉంటే అదే బిడ్డ ఏడాది పొడవునా వస్తాడు. ఈ సాయానికి శిలాఫలకం ఉండదు, ఫొటో రాదు. అందుకే దీనికి దాత దొరకడం కష్టమవుతోంది.

దానికంటే మంచిది మనిషే ఇంటికి వెళ్లడం. అనంతపురం జిల్లాలో 1969 నుంచి పనిచేస్తున్న రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ ఊళ్లలో వికలాంగుల సంఘాలను నిలబెట్టింది. తమిళనాడు ఆయికుడిలో అమర్ సేవా సంగం ఇళ్ల దగ్గరికే శిక్షణ పొందిన మహిళలను పంపుతోంది. ఇంటికి వెళ్లిన కార్యకర్త చేయాల్సింది పది నిమిషాలు కాళ్లు చాచి మడిచి వచ్చేయడం కాదు. మిగతా గంటల్లో పిల్లాడు ఎలా పడుకుంటున్నాడు, ఎలా ఎత్తుకుంటున్నారు, స్నానం ఎలా చేయిస్తున్నారు అన్నదే ముఖ్యం. కాళ్లు కత్తెరలా పెనవేసుకునే పిల్లాణ్ని నడుము మీద కాళ్లు రెండు పక్కలకు వేసి ఎత్తుకుంటే అదే ఒక వ్యాయామం అవుతుంది. పడుకున్నప్పుడు మోకాళ్ల మధ్య చుట్టిన దుప్పటి పెట్టడం, పక్కకు తిప్పి పడుకోబెట్టడం, పీట వేసి స్నానం చేయించడం ఖర్చులేని పనులు. ఒక కార్యకర్తకు ముప్పై కుటుంబాలకు మించి అప్పగిస్తే మాత్రం సందర్శన సంతకానికే పరిమితమవుతుందని మా అభిప్రాయం.

అన్నం పెట్టడం మేము అన్నిటికంటే ముందు నేర్పించాలనుకునే విషయం. పిల్లాణ్ని ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వాల్చి గరిటెతో గంజి పోయడం చాలా ఇళ్లలో ఉన్న అలవాటు. అలా పోస్తే మింగే లోపే శ్వాసనాళంలోకి జారుతుంది. తరచూ వచ్చే నిమ్ముకు ఇదొక ముఖ్య కారణం. వీపు నిటారుగా, గడ్డం కాస్త కిందికి ఉండేలా కూర్చోబెట్టాలి. పెట్టేవాళ్లు పిల్లాడి కంటికి ఎదురుగా, అదే ఎత్తులో కూర్చోవాలి. లోతులేని చిన్న చెంచాతో నాలుక మధ్యలో పెట్టి, పెదాలు మూసేదాకా ఆగాలి. పలచటి రాగిజావ, నీళ్లు, పాలే ఎక్కువగా పొలమారతాయి. జావను చెంచా వాల్చినా వెంటనే జారనంత చిక్కగా కాచాలి. అన్నం, పప్పు మెత్తగా మెదిపి నెయ్యి కలిపితే తక్కువ తిన్నా బలం ఉంటుంది. తిండికి అరగంట దాటుతోందన్నా, తింటున్నప్పుడు దగ్గు, గురగుర వస్తోందన్నా, బరువు పెరగడం లేదన్నా డాక్టరుకు చూపించాలి. మలబద్ధకాన్ని కూడా పట్టించుకోవాలి, కడుపు నొప్పితో ఏడ్చే పిల్లాణ్ని మొండివాడనుకుంటారు.

ఫిట్స్ మందుల దగ్గర జరిగే నష్టం ఘోరమైనది. పిల్లాడికి మూడు నెలలుగా ఫిట్స్ రాలేదని, లేదా నెలాఖరుకు డబ్బు లేదని సిరప్ ఆపేస్తారు. ఉన్నట్టుండి ఆపిన మందు కంటే పెద్ద ప్రమాదం లేదు. ఆగకుండా ఫిట్స్ వచ్చి బిడ్డను ఐసీయూలో చేర్చాల్సి వస్తుంది. సంస్థలు మందుల కోసం ఒక్కో ఇంట్లో 15 రోజుల అదనపు నిల్వ ఉండేలా చూస్తే చాలు. మందు జన్ ఔషధి దుకాణంలో దొరుకుతుందో లేదో ముందే కనుక్కోవచ్చు. పిల్లాడి బరువు పెరిగేకొద్దీ మోతాదు మారుతుంది, అందుకే మూడు నెలలకోసారి బరువు చూసి డాక్టరుకు చెప్పాలి. ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా పెట్టడం మానాలి. పక్కకు తిప్పి పడుకోబెట్టి, గడియారం చూడాలి. ఐదు నిమిషాలు దాటితే వాడాల్సిన ముక్కు స్ప్రేను డాక్టరు ముందే రాసిచ్చి ఉంటే ఇంట్లో ఉండాలి. గడువు తీరిన స్ప్రేను మార్చే బాధ్యత కార్యకర్త తీసుకోవాలి.

కాలికి ఆధారంగా తొడిగే కాలిపర్లకూ ఇచ్చిన తర్వాతి చూపు కావాలి. పాదం పెరిగేకొద్దీ ఆరు నెలల నుంచి ఏడాదిలో అది చిన్నదవుతుంది. కింద నూలు సాక్సు వేయాలి. విప్పాక చర్మం మీద ఎర్రమచ్చ అరగంటలో పోకపోతే అది ఒత్తుతోందని అర్థం, వెంటనే వేసుకోవడం ఆపి సరిచేయించాలి. వెల్క్రో పట్టీ పీకిపోయిందని కాలిపరే మూలన పడేసిన ఇళ్లున్నాయి. పట్టీ మార్చడానికి టైలరు పది నిమిషాలు కూర్చుంటే చాలు. వినికిడి లోపం ఉన్న పిల్లల ఇళ్లలోనూ ఇదే కథ. యంత్రం ఉచితంగా వస్తుంది. చెవి పెరిగి, చెవిలో పెట్టే అచ్చు వదులైతే యంత్రం ఈల వేస్తుంది, బ్యాటరీలు అయిపోతాయి, తీగ తెగుతుంది. ఆరోగ్యశ్రీలో లక్షల విలువైన కాక్లియర్ ఆపరేషన్ (చెవి లోపల వినికిడి పరికరం అమర్చడం) జరిగిన పిల్లాడు దాని తీగ కోసం నెలల తరబడి వినకుండా ఉండటం చూస్తుంటే మనసు కలుక్కుమంటుంది. మాట వచ్చే వయసులో ప్రతి నెలా విలువైనదే.

ఇంకొక హెచ్చరిక. సెరిబ్రల్ పాల్సీకి స్టెమ్ సెల్ (మూలకణాల) ఇంజెక్షన్లని చెప్పి లక్షలు అడిగే చోట్లున్నాయి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం దీన్ని అనుమతి పొందిన పరిశోధనలో తప్ప చికిత్సగా అమ్మకూడదు, పరిశోధనలో పాల్గొనేవారి దగ్గర డబ్బు తీసుకోకూడదు. మంచి మనసుతోనే కొన్ని బృందాలు వాట్సాప్‌లో చందాలు పోగుచేసి ఈ ఇంజెక్షన్లకు ఇస్తున్నాయి. ఆ మొత్తంతో అదే పిల్లాడికి ఏళ్ల తరబడి ఇంటి దగ్గర థెరపీ నడుస్తుంది.

కాగితాల పని చాలామందికి సేవగా కనిపించదు. మా దృష్టిలో చదువుకున్న ఒక యువకుడు వారానికి రెండు రోజులు చేయగలిగిన గొప్ప సేవ అదే. 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉందన్న సర్టిఫికెట్ ఉంటేనే ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 6,000, తెలంగాణలో 4,016 రూపాయల పింఛను. ఆధార్‌లో ఒక స్పెల్లింగు, సర్టిఫికెట్‌లో ఇంకో స్పెల్లింగు ఉంటే దరఖాస్తు అక్కడే ఆగుతుంది. చిన్నపిల్లలకు గడువుతో ఇచ్చిన సర్టిఫికెట్ తేదీ దాటితే పింఛను నిలిచిపోయే ప్రమాదం ఉంది, తేదీకి మూడు నెలల ముందే వైకల్య పరీక్షకు మళ్లీ స్లాటు తీసుకోవాలి. ఆధార్‌కు ఐదేళ్లకు, 15 ఏళ్లకు వేలిముద్రలు మళ్లీ ఇవ్వాలి. వేళ్లు బిగుసుకుని యంత్రం మీద ఆనని పిల్లలను కేంద్రాల వాళ్లు తిప్పి పంపేస్తుంటారు. మినహాయింపు కింద నమోదు చేసే వీలుందని పక్కన ఒక మనిషి నిలబడి చెబితే పని జరుగుతుంది.

కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా కూడా ఇలాంటిదే. సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి ఏడాదికి లక్ష రూపాయల దాకా ఉంటుంది, ముందస్తు వైద్య పరీక్షలు అక్కర్లేదు. ఆసుపత్రిలో చేరకుండా చేయించే థెరపీకి, మందులకు కూడా పరిమితి మేరకు వర్తిస్తుంది. మామూలు బీమాల్లో ఇది దొరకదు. నమోదు నేషనల్ ట్రస్ట్‌లో రిజిస్టరైన సంస్థల ద్వారా జరుగుతుంది. కడుపు కట్టుకుని థెరపీకి ఖర్చుపెట్టిన తల్లిదండ్రులు బిల్లులు దాచుకోక, మార్చి 31తో గడువు ముగుస్తుందని తెలియక దీన్ని పోగొట్టుకుంటున్నారు. ఫిబ్రవరిలో తల్లులందరినీ ఒకచోట కూర్చోబెట్టి రెన్యూవల్ చేయిస్తే ఒక పూట పని. సికింద్రాబాద్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ, నెల్లూరులో దివ్యాంగుల ప్రాంతీయ కేంద్రం ఉన్నాయని, అక్కడ పరీక్షలు చేస్తారని కూడా ఆ పూటే చెప్పవచ్చు.

తల్లి నడుము గురించి ఎవరూ అడగరు. రోజుకు ఎన్నోసార్లు ఎత్తి దించే ఆమెకు నడుం నొప్పి, నిద్రలేమి మామూలైపోతాయి. వారానికి రెండు గంటలు, నమ్మకమైన మనిషి పిల్లాడి దగ్గర కూర్చుంటే ఆమె బ్యాంకుకో, ఆసుపత్రికో, పుట్టింటి పెళ్లికో వెళ్లగలుగుతుంది. ఆ మనిషికి ఫిట్స్ వస్తే ఏం చేయాలో, అన్నం ఎలా పెట్టాలో నేర్పి పంపాలి, లేకపోతే తల్లి వదిలి వెళ్లదు, వెళ్లకూడదు కూడా. ఇంట్లో అక్కనో అన్ననో బడి మాన్పించి కాపలా పెట్టే పరిస్థితిని కూడా ఈ రెండు గంటలు కొంత తప్పిస్తాయి.

చివరిగా, పిల్లాడికి 18 ఏళ్లు నిండే రోజు గురించి. చట్టం దృష్టిలో అప్పటి నుంచి తల్లిదండ్రులు అతని తరఫున సంతకం పెట్టలేరు. మేధో వైకల్యంతో తన వ్యవహారాలు తాను చూసుకోలేని యువకుడి బ్యాంకు ఖాతా, ఆస్తి విషయాలు అక్కడ చిక్కుపడతాయి. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం కలెక్టరు నాయకత్వంలోని స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు చేసి సంరక్షకుణ్ని నియమింపజేసుకోవచ్చు, కోర్టుకు వెళ్లనక్కర్లేదు. ఆ కమిటీలో ఒక స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి ఉండాలని చట్టమే చెబుతోంది. మీ జిల్లాలో ఆ స్థానంలో ఎవరున్నారు, కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుంది, ఎన్ని దరఖాస్తులు పెండింగులో ఉన్నాయి అని కలెక్టరేటులో అడగమని పాఠకులను, సేవా సంస్థలను కోరుతున్నాం. పిల్లలకు 17 ఏళ్లు వచ్చేసరికే తల్లిదండ్రుల చేత కాగితాలు సిద్ధం చేయించాలి.

ఇట్లు,
ఫిజియోథెరపిస్టులు, ప్రత్యేక ఉపాధ్యాయుల బృందం,
అనంతపురం